ఇంటి గాలిమర ఎంత స్పీడుగా తిరుగుతోందో కింద నిలబడే తేల్చడం ఎలా

ఇంటికి చిన్న గాలిమర పెట్టుకున్నవాళ్లు మొదటి వారమంతా చేసే పని ఒకటే, మెడ పట్టేసేదాకా పైకి చూడటం. రయ్యిమని తిరుగుతుంటే సంతోషంగానే ఉంటుంది గానీ, ఎంత స్పీడు అని పక్కింటాయన అడిగితే చెప్పడానికి మాట ఉండదు. కంటికి 200 ఆర్‌పీఎం (నిమిషానికి 200 చుట్లు) అయినా 400 అయినా ఒకటే, రెక్కలు మసకబారి పళ్లెంలా కనిపిస్తాయి. మా అనంతపురం వైపు ఆషాఢం గాలి లేచిందంటే మాత్రం ఇది సరదా ప్రశ్నగా ఉండదు. గాలిమర కరెంటు బాగా ఇచ్చేదీ అప్పుడే, విరిగితే విరిగేదీ అప్పుడే. రెక్కను బయటికి లాగే బలం స్పీడుకు వర్గంగా పెరుగుతుంది, అంటే 300 నుంచి 600కి వెళ్తే లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు.

కొలవడానికి స్తంభం ఎక్కక్కర్లేదు, పైన ఏ సెన్సరూ బిగించక్కర్లేదు. చాలామంది ముందు లేజర్ టాకోమీటర్ (చుట్ల వేగం కొలిచే పరికరం) కొంటారు, నేనూ కొన్నాను. అది అర మీటరు దూరంలోపు చక్కగా పనిచేస్తుంది, ఆల్టర్నేటర్‌ను (తిరుగుతూ కరెంటు పుట్టించే భాగాన్ని) బెంచీ మీద పెట్టి డ్రిల్లింగ్ మిషన్‌తో తిప్పి చూసేటప్పుడు దాన్ని మించింది లేదు. కానీ 30 అడుగుల ఎత్తులో, గాలి ఎటు మళ్లితే అటు మొహం తిప్పే యంత్రానికి కింద నుంచి గురిపెట్టి చూడండి, తెలుస్తుంది. ఈలోపు మీకు కావాల్సిన లెక్క మీ ఇంట్లోకి వచ్చేస్తూనే ఉంటుంది, గాలిమర నుంచి దిగే మూడు తీగల్లో. దాన్ని చదవడమే ఇక్కడ చెబుతాను.

నేను చెప్పేదంతా 2 మీటర్ల వ్యాసం, మూడు రెక్కలు, 24 ఓల్టుల బ్యాటరీ, అయస్కాంతాల ఆల్టర్నేటర్ ఉన్న గాలిమర లెక్క. మీది వేరే సైజైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

ముందు కాగితం మీద ఒక అంచనా వేసుకోండి. ఇది లేకుండా మీటరు పట్టుకుంటే వచ్చిన అంకె నిజమో అబద్ధమో మీకు తెలియదు. మంచి మూడు రెక్కల గాలిమరలో రెక్క కొస, గాలి కంటే దాదాపు 6 రెట్లు వేగంగా పోతుంది. గాలి సెకనుకు 6 మీటర్లు వీస్తోందంటే కొస 36 మీటర్లు పోవాలి. 2 మీటర్ల వ్యాసానికి ఒక చుట్టు 6.28 మీటర్లు. 36ని 6.28తో భాగిస్తే సెకనుకు 5.73 చుట్లు, 60తో గుణిస్తే సుమారు 344 ఆర్‌పీఎం. అదే గాలి 3 మీటర్లే ఉండి బ్యాటరీ ఇంకా లోడు లాగకపోతే 7 రెట్లు కూడా పోవచ్చు, అప్పుడు 200. రామగిరి, ఉరవకొండ వైపు గుట్టల మీదున్న పెద్ద ఫ్యాన్లు నిమిషానికి పది, ఇరవై చుట్లే తిరుగుతాయని చూసి మనది ఏదో తేడాగా ఉందనుకోకండి. వాటి రెక్క పొడవు వేరు, కొస వేగం చూస్తే అవి మనవాటికి తీసిపోవు.

ఇప్పుడు అసలు పని, పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) లెక్కపెట్టడం. ఇక్కడ తప్పు చేస్తే తర్వాతదంతా తప్పే. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతాలు ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని వరుసగా ఉంటాయి. ఒక ఉత్తరం, ఒక దక్షిణం కలిసి ఒక కాయిల్ ముందు నుంచి దాటితే కరెంటు ఒక పూర్తి ఊపు ఊగుతుంది. సెకనుకు ఎన్ని ఊపులో అదే హెర్ట్జ్. అందుకని సూత్రం ఇంతే: హెర్ట్జ్‌ను 120తో గుణించి పోల్స్ సంఖ్యతో భాగిస్తే ఆర్‌పీఎం. 12 పోల్స్ అయితే హెర్ట్జ్ పక్కన ఒక సున్నా పెడితే చాలు, 8 పోల్స్ అయితే 15తో, 16 అయితే 7.5తో గుణించాలి.

చేత్తో చేసుకున్న గాలిమరల్లో తరచుగా రెండు ఇనుప చక్రాలుంటాయి, ఒక్కోదానికి 12 అయస్కాంతాలు, మధ్యలో రెజిన్‌లో పోసిన కాయిల్స్. అక్కడ మొత్తం అయస్కాంతాలు 24 కాబట్టి 24 పోల్స్ అనేస్తారు. కాదు. ఎదురెదురుగా ఉన్న రెండూ కలిసి ఒకే పోల్ పని చేస్తాయి, కాబట్టి 12. ఈ ఒక్క పొరపాటుతో ఆర్‌పీఎం సగానికి సగం తగ్గి కనిపిస్తుంది, మనవాడేమో రెక్కలు సరిగ్గా చెక్కలేదని వడ్రంగి మీద పడతాడు.

కొనుక్కున్న యంత్రమైతే లోపల ఏముందో కనబడదు. అప్పుడు స్తంభం పైకి లేపకముందే ఇలా చేయండి. మూడు తీగల్లో ఏవైనా రెండింటి మధ్య ఒక చిన్న ఎల్‌ఈడీ, దానితో వరుసగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ కలపండి. రెక్కకు టేపు ముక్క అంటించి, చేత్తో ఒక్క చుట్టు తిప్పండి, ఎల్‌ఈడీ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. 6 సార్లు వెలిగితే 12 పోల్స్, 8 సార్లయితే 16. నేను మా తమ్ముణ్ని తిప్పమని నేను లెక్కపెట్టాను. వాడు ఒక్క ఊపున తిప్పేస్తుంటే, "నిదానంగా తిప్పురా" అన్నాను. "నిదానంగా తిప్పితే నీ లైటు వెలగడం లేదన్నా" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. మరీ నిదానమైతే ఎల్‌ఈడీకి చాలినంత ఓల్టేజ్ రాదు, స్పీడైతే కన్ను అందుకోలేదు. చివరికి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, టేపు ఒకసారి కిందికి వచ్చి మళ్లీ కిందికి వచ్చేలోపు ఎన్ని మెరుపులో ఆపి ఆపి చూసుకున్నాం. మీరు నేరుగా అదే చేయండి. ఇంకో మాట, చేత్తో తిప్పేటప్పుడు కొన్ని మోటార్లలో టకటకమని పట్టి వదిలినట్టు తగులుతుంది, ఆ టకటకలను పోల్స్ అనుకుని లెక్కపెట్టకండి, వాటి లెక్క వేరు.

వచ్చిన అంకెను స్తంభం అడుగున, బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ డబ్బా మీద, మార్కర్‌తో రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

మీటరు సంగతి. చవకగా దొరికే పసుపు రంగు చిన్న మల్టీమీటర్లలో హెర్ట్జ్ ఉండదు, హెర్ట్జ్ అని రాసి ఉన్నది తీసుకోండి. కొన్నింటిలో ఏసీ ఓల్టులు పెట్టి ఒక బటన్ నొక్కితే హెర్ట్జ్ చూపిస్తాయి, మనకు ఇవే మేలు. కొన్నింటిలో హెర్ట్జ్‌కు విడిగా ఒక స్థానం ఉంటుంది, అక్కడ ఎన్ని ఓల్టుల దాకా ఇవ్వొచ్చో మీటరుతో వచ్చిన కాగితంలో చూసుకోండి, చాలాసార్లు ఆ పరిమితి తక్కువ.

కొలిచే చోటు రెక్టిఫయర్‌కు (ఏసీని డీసీగా మార్చే భాగానికి) ముందు. పై నుంచి వచ్చే మూడు తీగలు రెక్టిఫయర్‌లోకి వెళ్లే దగ్గర ఏవైనా రెండింటి మీద పట్టుకోవాలి. రెక్టిఫయర్ దాటాక అది డీసీ, బ్యాటరీ దగ్గర మీటరు పెడితే సున్నా వస్తుంది, లేదా డీసీ మీద మిగిలిపోయిన అల వల్ల ఆరింతల అంకె ఏదో వస్తుంది. మీ గాలిమరకు రెక్టిఫయర్ పైనే ఉండి కిందికి రెండే తీగలు దిగుతుంటే ఈ పద్ధతి వదిలేయండి, మీకు ఫోన్ పద్ధతే గతి, అది కింద చెబుతాను.

తిరుగుతున్న యంత్రానికి ప్రోబ్‌లు గుచ్చుతూ చేతులు పెట్టకండి. మూడు తీగల్ని ఒకదానితో ఒకటి కలిపేసే బ్రేక్ స్విచ్ మీకు ఉండే ఉంటుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు ఆ బ్రేక్ వేయండి, రెక్కలు బాగా మందగించాక మొసలి క్లిప్పులు రెండు తీగలకు తగిలించండి, చేతులు తీసేశాక బ్రేక్ వదలండి. బ్యాటరీ తీగ ఊడదీసి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు. లోడు పోయిన మరుక్షణం రెక్కలకు పగ్గం తెగినట్టే, స్పీడు ఎక్కడికి పోతుందో చెప్పలేం, తీగల మీద ఓల్టేజ్ కూడా బ్యాటరీ కంటే ఎన్నో రెట్లు ఎక్కుతుంది. మంచి గాలిలో 24 ఓల్టుల యంత్రం కూడా గట్టిగా షాక్ కొట్టగలదు.

మీటరులో 30 హెర్ట్జ్ కనిపించిందా, 12 పోల్స్‌కు 300 ఆర్‌పీఎం, అయిపోయింది. ఓల్టేజ్ చూసి స్పీడు చెప్పొచ్చు కదా అంటారు కొందరు. బ్యాటరీ కలిపి ఉన్నంతసేపు అది ఓల్టేజ్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది, స్పీడు పెరిగితే కరెంటు పెరుగుతుంది తప్ప ఓల్టులు పెద్దగా కదలవు. హెర్ట్జ్‌ను మాత్రం ఏదీ పట్టి ఉంచలేదు, చుట్టు తిరిగితేనే అది పుడుతుంది.

అయినా మీటరు అబద్ధం చెప్పే సందర్భాలు ఉన్నాయి, నేను ఒకసారి బాగా మోసపోయాను. ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని మీటరు చూస్తే 50.0 హెర్ట్జ్. సున్నా పెడితే 500 ఆర్‌పీఎం. గుండె గుభేలుమంది, టెన్షన్‌తో మిద్దె మెట్లు రెండేసి చొప్పున ఎక్కి చూస్తే పైన ఆకు కదలడం లేదు, రెక్కలు బొమ్మలా నిలబడి ఉన్నాయి. మరి 50 ఎక్కడిది? స్తంభం అడుగున జాయింటు దగ్గర ఒక తీగ ఊడిపోయింది. ఊడిన తీగ గాల్లో వేలాడుతూ, అదే పైపులో పక్కనే పోతున్న ఇంటి కరెంటు వైరు నుంచి 50 హెర్ట్జ్ గుర్రును పట్టుకుంటోంది, మీటరు దాన్నే నమ్మకంగా చూపిస్తోంది. అప్పటి నుంచి నా లెక్క ఒకటే, గాలి ఇచ్చే అంకె ఎప్పుడూ కుదురుగా ఉండదు, 27, 29, 31, 28 అని ఊగుతూనే ఉంటుంది. ఒకే అంకె మీద గుడిలో దీపంలా నిలబడిందంటే, అందులోనూ అది 50 అయితే, అది గాలిమర కాదు.

కాబట్టి మొదటిసారి మూడు జతలూ కొలవండి: ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-ఒకటి. మూడింటిలోనూ హెర్ట్జ్ ఇంచుమించు ఒకటే రావాలి, ఓల్టులూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక జత బాగుండి రెండు జతలు సున్నానో, 50నో చూపిస్తే, ఆ రెండు జతల్లోనూ ఉన్న తీగ ఎక్కడో తెగింది. స్పీడు కొలవబోతే తీగ జబ్బు బయటపడుతుంది, అది లాభమే.

రెండో అబద్ధం కంట్రోలర్ వల్ల. ఛార్జ్ కంట్రోలర్ లోపల కరెంటును వేగంగా ఆపుతూ వదులుతూ ఉంటుంది, ఆ గోల తీగల మీదికి కూడా వస్తే 31, 412, 30, 2800 అని పిచ్చి అంకెలు వస్తాయి. 10 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి ఎర్ర ప్రోబ్‌కు వరుసలో, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి రెండు ప్రోబ్‌ల మధ్య పెడితే చాలావరకు సర్దుకుంటుంది. కెపాసిటర్ 250 ఓల్టులదైనా తీసుకోండి.

ఇప్పుడు సరిచూసుకోవడానికి ఫోన్. ఒక రెక్క కొసకు ముదురు రంగు టేపు చుట్టాలి, ఇది స్తంభం పడుకోబెట్టి ఉన్నప్పుడే చేసుకోవాలి, మిగతా రెండు రెక్కలకు అంతే బరువున్న తెల్ల టేపు చుట్టకపోతే వణుకు మొదలవుతుంది. ఫోన్‌ను గోడకు ఆనించి స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములు తీసే సెట్టింగ్‌లో, ఆకాశం వెనక వచ్చేలా వీడియో తీయండి. అది ఆడేటప్పుడు మామూలుగా 8 రెట్లు నిదానంగా ఆడుతుంది. రంగు రెక్క 10 చుట్లు తిరగడానికి వీడియోలో ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 4800ను ఆ సెకన్లతో భాగించండి. 20 సెకన్లు పడితే 240 ఆర్‌పీఎం, 16 పడితే 300. మీ ఫోన్ నిజంగా 8 రెట్లే నిదానం చేస్తోందా అన్న అనుమానం ఉంటే గడియారం సెకన్ల ముల్లును అదే సెట్టింగ్‌లో తీసి చూడండి, 1 సెకను 8 సెకన్లు ఆడాలి.

మామూలు వీడియోతో మాత్రం ఈ పని పెట్టుకోకండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో మూడు రెక్కల గాలిమర సరిగ్గా 600 తిరుగుతుంటే సెకనుకు 30 రెక్కలు ఒకే చోటు దాటతాయి, అంటే వీడియోలో అది ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కొంచెం తక్కువైతే వెనక్కి తిరిగినట్టు కనిపిస్తుంది.

ఇంతవరకు చేసిందంతా అక్కడ నిలబడి చూసుకునే కొలత. రాత్రి రెండింటికి గాలి లేచినప్పుడు ఎంత తిరిగిందో తెలియాలంటే రికార్డు చేయాలి. దీనికి ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది), పీసీ817 అనే ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్‌ను అటు నుంచి ఇటు దాటించే చిప్పు), రెండు మూడు చిల్లర సామాన్లు చాలు. గాలిమర తీగలు రెండింటి మధ్య, ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీతో వరుసగా 4.7 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్ పెట్టండి. కరెంటు ఎదురు దిక్కులో వచ్చినప్పుడు ఆ ఎల్‌ఈడీ పాడవకుండా 1ఎన్4148 డయోడ్‌ను దానికి అడ్డంగా తిరగేసి కలపండి. పావు వాటు రెసిస్టర్ చాలదా అంటే, బ్యాటరీ ఉన్నంతసేపు చాలుతుంది, బ్యాటరీ ఫ్యూజు పోయి ఓల్టేజ్ 100 దాటిన రోజు పొగ వస్తుంది. అవతలి వైపు కలెక్టర్‌ను 10 కిలో ఓమ్‌తో 3.3 ఓల్టులకు లాగి బోర్డు పిన్నుకు, ఎమిటర్‌ను గ్రౌండ్‌కు. గాలిమర తీగకూ బోర్డుకూ మధ్య వెలుతురు తప్ప వేరే సంబంధం ఉండదు కాబట్టి బోర్డు బతుకుతుంది.

ఆప్టోకప్లర్‌లో ఎల్‌ఈడీ వెలిగిన ప్రతిసారీ బోర్డుకు ఒక పల్సు అందుతుంది, 12 పోల్స్‌కు చుట్టుకు 6 పల్సులు. ప్రోగ్రాంలో 10 సెకన్ల పాటు పల్సులు లెక్కపెడితే, వచ్చిన సంఖ్యే ఆర్‌పీఎం, గుణించేది లేదు భాగించేది లేదు. మొదట నేను ఇదే పెట్టుకుని మురిసిపోయాను. కానీ ఈదురుగాలి ఒక కొట్టు రెండు మూడు సెకన్లే ఉంటుంది, 10 సెకన్ల సగటులో అది కలిసిపోతుంది. రెక్కల్ని విరిచేది సగటు కాదు, ఆ కొట్టు. అందుకని పక్కపక్క పల్సుల మధ్య సమయాన్ని కూడా కొలిచి, ఒక్కో చుట్టుకు పట్టిన సమయం తీసి, నిమిషానికి ఒక గరిష్ఠం, ఒక సగటు రాసుకోండి. ఒక్క పల్సు మీద కాకుండా 6 పల్సులు కలిపి తీయమని ఎందుకంటున్నానంటే అయస్కాంతాలు అంటించడంలో చేతి తేడా ఉంటుంది, ఒక్కో పల్సు ఒక్కోలా వస్తుంది, చుట్టు మొత్తం చూస్తే ఆ తేడా పోతుంది. 4 మిల్లీసెకన్లలోపు వచ్చిన రెండో పల్సును లెక్కలోకి తీసుకోకండి, అది గోల. 800 ఆర్‌పీఎం తిరిగినా నిజమైన పల్సుల మధ్య 12.5 మిల్లీసెకన్లు ఉంటాయి.

వచ్చిన అంకెతో ఏం చేయాలి? గాలి వేగం కొలిచే పరికరం ఉంటే అదే ఎత్తులో పెట్టి పక్కపక్కన రాసుకోండి, మిద్దె గోడ చాటున పెడితే పనికిరాదు. గాలి సెకనుకు 8 మీటర్లున్నప్పుడు మన అంచనా ప్రకారం 458 రావాలి. 250 దగ్గరే తచ్చాడుతుంటే కొస వేగం గాలికి 3.3 రెట్లే, అంటే ఆల్టర్నేటర్ రెక్కల్ని మరీ గట్టిగా పట్టేస్తోంది. రెండు చక్రాల యంత్రమైతే వాటి మధ్య సందు కొద్దిగా పెంచితే స్పీడు అందుకుంటుంది. మందగించడంతో పాటు ఒక మూలుగు, వణుకు కూడా ఉంటే రెక్టిఫయర్‌లో డయోడ్ ఒకటి షార్ట్ అయిందేమో చూడండి, అది సగం బ్రేక్ వేసినట్టే. స్పీడు బాగా ఉండి కరెంటు సున్నా అయితే ఫ్యూజు. గాలి 12 మీటర్లు దాటినా ఆర్‌పీఎం ఎక్కడా ఆగకుండా పైకే పోతుంటే, తోక మడుచుకుని మొహం పక్కకు తిప్పే ఏర్పాటు బిగుసుకుపోయింది, గాలి తగ్గగానే బ్రేక్ వేసి స్తంభం దించండి. 600 దగ్గర ఈ రెక్క కొస గంటకు 226 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, ఆ గాలిలో బ్రేక్ వేస్తే ఆగుతుందన్న నమ్మకం కూడా లేదు.

డ్రమ్ములు కోసి చేసే నిలువు గాలిమర ఉన్నవాళ్లకు ఇంత కష్టం లేదు. షాఫ్టు చేతికందే ఎత్తులోనే ఉంటుంది, నిదానంగా తిరుగుతుంది, సైకిల్‌కు పెట్టే వైరు ఉన్న డిజిటల్ స్పీడో మీటరు సరిపోతుంది. దాని అయస్కాంతాన్ని షాఫ్టుకు, సెన్సర్‌ను చట్రానికి కట్టి, చక్రం చుట్టుకొలత అడిగే చోట 1667 మిల్లీమీటర్లు ఇవ్వండి. అప్పుడు 1 ఆర్‌పీఎంకు గంటకు 0.1 కిలోమీటరు చూపిస్తుంది, 12.0 అంటే 120 ఆర్‌పీఎం, ఆ రోజు గరిష్ఠం కూడా అదే గుర్తుపెట్టుకుంటుంది. వైరు లేని రకం కొనకండి, దాని సిగ్నల్ ఒక మీటరు కూడా సరిగ్గా అందదు. అయస్కాంతాన్ని జిగురుతో వదిలేయకుండా జిప్ టై కూడా వేయండి, షాఫ్టుకు అవతలి వైపు అంతే బరువున్న నట్టు ఒకటి కట్టండి.